అన్నీ నడుము మీదే తోసేశాను

తొమ్మిదో తరగతి పిల్లలకి ఆ రోజు జాతీయాలు చెబుతున్నాను. ‘గుండె చెరువైంది’, ‘కడుపు తరుక్కుపోయింది’, ‘కాళ్లూ చేతులూ ఆడలేదు’, ‘గొంతు పూడుకుపోయింది’... వరసగా బోర్డు మీద రాసి, సొంతవాక్యాల్లో ప్రయోగించమన్నాను. మూడో బెంచీలో కుర్రాడొకడు లేచి ‘టీచర్, ఇవన్నీ ఒంట్లో వచ్చే జబ్బులా?’ అనడిగాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే బల్ల పట్టుకుని నిలబడ్డాను. కుడి తుంటి దగ్గర మొదలై, పిక్క పక్కనుంచి కాలి బొటనవేలి దాకా ఎవరో కరెంటు తీగ పెట్టి లాగుతున్నట్టుంది నాకు.

‘జబ్బులు కాదురా, మనసులో బాధని ఒంటి మీద పెట్టి చెప్పడం’ అన్నాను.

పిల్లలు రాసుకున్నారు. చెప్పిన నాకు మాత్రం ఆ మాట అర్థం కావడానికి మరో ఎనిమిది నెలలు పట్టింది.

కాగు దించబోయి...

మాది నరసరావుపేట. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. 2022 జనవరి, సంక్రాంతికి రెండ్రోజుల ముందు. ఆ ఏడు పండగ చేయాలన్న మనసు నాకు లేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పిల్లలు చిన్నబుచ్చుకుంటారని, భోగినాడు తలంట్లకి నీళ్లు కాచే రాగి కాగు అటక మీంచి దించబోయాను. స్టూలెక్కి, నడుము పక్కకి తిప్పి, బరువంతా మీదకి లాక్కున్నాను. లోపల ఎక్కడో కలుక్కుమంది.

మొదటి రెండ్రోజులూ నడుం పట్టేసిందనుకున్నాం. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకుంటే పోతుందన్నారు పక్కింటి పిన్నిగారు. వావిలాకు కాపడాలు, నువ్వులనూనె మర్దనాలు అన్నీ అయ్యాయి. మూడోరోజుకి నొప్పి నడుముని వదిలి కాల్లోకి దిగింది. దగ్గితే కాల్లో మెరుపు. తుమ్మితే మెరుపు. కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టు. రాత్రిళ్లు కుడిపక్కకి తిరగలేను, ఎడంపక్కకి తిరిగితే నిద్ర రాదు. ఇల్లంతా నిద్రపోతుంటే గోడ పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడిచేదాన్ని.

గుంటూరు తీసుకెళ్లారు. డాక్టరుగారు నన్ను పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కుడికాలు పైకెత్తారు. సగం ఎత్తకముందే అరిచాను. కాలి బొటనవేలిని కిందికి నొక్కుతూ ‘మీరు పైకి తొయ్యండి’ అన్నారు. ఎమ్మారై తీయించారు. నడుములో నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్యనున్న డిస్కు కాస్త బయటికొచ్చి, కుడికాల్లోకి వెళ్లే నరం మొదలుని నొక్కుతోందన్నారు. పూసకీ పూసకీ మధ్య మెత్తలాగా ఉండేదే డిస్కు. దాని పైపొర గట్టిది, లోపల జిగురులాంటి గుజ్జు. పొర బలహీనపడితే గుజ్జు పక్కకి తోసుకొస్తుంది. పక్కనే నరం ఉంటే ఆ నరం వెళ్లినంత మేరా నొప్పి. దీన్నే సయాటికా అంటారు. డిస్కు జారడానికీ ఈ కాలునొప్పికీ ఉన్న సంబంధాన్ని అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు 1934లోనే వివరంగా రాశారట.

‘భయపడకండమ్మా. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. మంచానికే అతుక్కుపోకండి, ఓపిక ఉన్నంత నడవండి’ అన్నారు.

ఆయన చెప్పినట్టే అయింది. నెల సెలవు పెట్టి, మందులు వాడి బడికొచ్చాను. ఏప్రిల్ వచ్చేసరికి కాలునొప్పి సగానికి సగం తగ్గింది. కథ అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు!

కొత్త జబ్బుల వరస

ముందు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మొదలైంది. మింగితే పోదు, కక్కితే రాదు. తర్వాత గుండెదడ. ఉన్నట్టుండి ఊపిరి అందేది కాదు, కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. అరచేతుల్లో, మూతి చుట్టూ తిమ్మిర్లు. ఒంట్లో మంటలు. కడుపుబ్బరం. నాలుగు ముద్దలు తినేసరికి చాలనిపించేది. 

ఒక్కో లక్షణానికి ఒక్కో డాక్టరు. గుండెకి ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్. కడుపుకి ఎండోస్కోపీ. గొంతుకి గొట్టం వేసి చూశారు. థైరాయిడ్, షుగర్, బీ12... చేయని పరీక్ష లేదు. మా ఇంట్లో రేషన్ కార్డు, పొలం కాగితాలు పెట్టుకునే ఫైలు ఖాళీ చేసి నా రిపోర్టులు పెట్టాల్సి వచ్చింది. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: ‘అంతా నార్మలే.’

నార్మల్ అంటే ఎవరైనా సంతోషిస్తారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. నార్మల్ అయితే నాకీ బాధేమిటి? మరి నేను అబద్ధం చెబుతున్నానా?

నా దగ్గర ఒక జవాబుండేది. ఎమ్మారై ఫిల్ము. ‘నరం నొక్కుకుపోయింది కదండీ, ఆ నరం ఒళ్లంతా లాగేస్తోంది’ అనేదాన్ని. గొంతులో అడ్డానికీ డిస్కే కారణం. గుండెదడకీ డిస్కే. నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, పిల్లల మీద విసుక్కున్నా నేరమంతా నడుముదే. కనబడే సాక్ష్యం అదొక్కటే మరి! ఎవరికైనా అనుమానం వస్తే, ఆ నల్లటి ఫిల్ము లైటుకి అడ్డంపెట్టి చూపించేదాన్ని.

మావారు మంచివారే. కానీ ఎంత మంచివారికైనా ఓపికకి ఒక హద్దుంటుంది. ‘మళ్లీ ఏమైంది?’ అని అడిగే గొంతులో ‘మళ్లీ’ అనే మాట బరువు రోజురోజుకీ పెరుగుతోంది. స్టాఫ్‌రూములో ఒకావిడ ‘ఎలక్షన్ డ్యూటీ, జనాభా లెక్కలు పడకుండా ముందే చూసుకుంటోందమ్మా’ అనడం తలుపవతల నిలబడి విన్నాను. ఆ రోజు నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పెట్టింది.

ఇంకో సంగతి. ఒక డాక్టరుగారు నన్ను నిలబెట్టి, నడినెత్తి మీద అరచేత్తో మెల్లగా అదిమి ‘ఇప్పుడు నడుం నొప్పిగా ఉందా?’ అనడిగారు. ఉందన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, మావారి వంక చూసి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు అర్థం కాలేదు గానీ, అవమానమని మాత్రం అర్థమైంది.

‘ఆపరేషన్ చేసెయ్యండి’

ఆగస్టులో నేనే పట్టుబట్టి మళ్లీ గుంటూరులో సర్జన్‌గారి దగ్గరికి వెళ్లాను. ‘నాకీ పరీక్షలూ మందులూ వద్దు, ఆపరేషన్ చేసి ఆ డిస్కు తీసెయ్యండి’ అన్నాను. అంతకుముందు ఆపరేషన్ అంటే వణికిన మనిషిని!

ఆయన ఫైలు మొత్తం తిరగేశారు. కాలెత్తి చూశారు. ఈసారి బాగానే లేచింది. బొటనవేలి బలం బాగానే ఉంది.

‘అమ్మా, మీ కాలునొప్పికి డిస్కు కారణమని నేను చెప్పగలను. అది తగ్గుముఖం పట్టింది. నడుము కిందిభాగం నరాలు కాళ్లలోకి వెళతాయి, గొంతులోకి రావు. గుండెదడ కోసం నేను నడుముకి ఆపరేషన్ చేస్తే, కుట్లు మానాక కూడా మీ గుండె దడదడలాడుతూనే ఉంటుంది. అప్పుడు ఆపరేషన్ ఫెయిలయిందంటారు’ అన్నారు. ఒక చీటీ రాసిచ్చారు. సైకియాట్రిస్టుకి.

చీటీ చూసి నాకు తల కొట్టేసినట్టయింది. చిన్నప్పుడు ఎవరైనా తిక్కగా మాట్లాడితే ‘ఎర్రగడ్డకి పంపాలి’ అని నవ్వుకునేవాళ్లం. ఆ మాట ఇప్పుడు తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. ‘అంటే నేను నాటకాలాడుతున్నాననా?’ అని ఆయన ఎదురుగానే ఏడ్చేశాను. 

‘నాటకాలాడేవాళ్లని నేను ఎక్కడికీ పంపనమ్మా. బాధపడేవాళ్లనే పంపుతాను’ అన్నారాయన. 

ఆ చీటీ నెలరోజుల పాటు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. బయటికి తీసింది మా అమ్మాయి. తను ఫిజియోథెరపీ చదువుతోంది. ‘అమ్మా, ఒక్కసారి వెళ్దాం. నచ్చకపోతే రెండోసారి అడగను’ అంది. కూతురు మాట కాదనలేక బయల్దేరాను, నమ్మకంతో కాదు.

ఆదివారం పది గంటలు

ఆవిడ నా వయసు డాక్టరే. ఫైలు పక్కన పెట్టి, ముందు నా కాలు సంగతే అడిగారు. ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడిదాకా వస్తుంది, తిమ్మిరుందా, నడక మారిందా... నాకు ఆశ్చర్యమేసింది. మనసు డాక్టరు కాలి గురించి అడుగుతుందేమిటి?

‘మీ నరం నొక్కుకున్నది నిజం. మీకు ఊపిరందకపోవడమూ నిజమే. రెండు నిజాలకి ఒకటే కారణం ఉండాలని రూలేమీ లేదు కదా!’ అన్నారు. ఏడాదిలో ‘నిజం’ అన్న మొదటి మనిషి ఆవిడ. 

ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. రెండు వరసలు. ఒకదాంట్లో కాలునొప్పి, రెండోదాంట్లో మిగతావన్నీ. ఏ రోజు, ఎన్నింటికి, ఏం చేస్తుండగా... అంతే. కారణాలు రాయొద్దన్నారు.

పరీక్ష పేపర్లు దిద్దే చెయ్యి కదా, శ్రద్ధగా రాశాను. మూడు వారాలయ్యాక ఒకరాత్రి పేజీలు తిరగేస్తున్నాను. కాలునొప్పి వరస చూస్తే తెలిసిపోతోంది. మూడు పీరియడ్లు వరసగా నిలబడ్డ రోజు, బస్సులో కుదుపులు పడ్డ రోజు, బట్టల బకెట్టు ఎత్తిన రోజు. రెండో వరస అలా లేదు. గొంతులో అడ్డం, ఊపిరందకపోవడం... ఆదివారం. మళ్లీ ఆదివారం. మూడో వారమూ ఆదివారమే. పొద్దున పది, పదింబావు. సెలవురోజు ఇంటి పని ఎక్కువ కాబట్టి నలతగా ఉంటుందని అన్నాళ్లూ అనుకున్నాను. 

పెన్ను చేతిలోనే ఉండిపోయింది. ఆదివారం పది గంటలకి నాకు ఫోనొచ్చేది. పద్దెనిమిదేళ్లపాటు, ఒక్క వారం తప్పకుండా.

నా తమ్ముడు నాకంటే పదేళ్లు చిన్న. నాన్న పోయేనాటికి వాడు పాకే పిల్లాడు. అమ్మ పొలం పనులకి వెళితే వాణ్ని చంకనేసుకునే బడికెళ్లేదాన్ని. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక ఆదివారం పొద్దున టిఫిన్ తిని నాకు ఫోన్ చేయడం వాడికి అలవాటు. 2021 మే నెలలో, కరోనా రెండో ఉద్ధృతిలో, వాడు ఆస్పత్రి మంచం మీంచి చేసిన ఆఖరి ఫోను కూడా నాకే. ‘అక్కా, ఊపిరాడట్లేదక్కా’ అన్నాడు. నేను ‘ఏం కాదురా, ధైర్యంగా ఉండు’ అన్నాను. ఇంకేం అనాలో నాకు తోచలేదు. నాకూ అప్పుడు కరోనాయే, గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. మూడోరోజు వాణ్ని సాగనంపడం ఫోన్‌లో చూశాను. ప్లాస్టిక్ సంచి తప్ప మనిషి కనబడలేదు.

నేను ఏడవలేదు. అమ్మకి ఎలా చెప్పాలన్నదే ఆలోచన. తర్వాత అమ్మని ఎలా నిలబెట్టాలన్న ఆలోచన. ఆగస్టులో బడులు తెరిచారు, పాఠాలు మొదలయ్యాయి. అందరూ ‘ఎంత గుండెనిబ్బరమో’ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. 

ఆదివారం పది గంటలకి నాకు వాడి జబ్బే వస్తోందని, వాడి మాటే నా గొంతుకి అడ్డం పడుతోందని ఆ రాత్రి నోట్‌బుక్ ముందు కూర్చుని చూశాను. డాక్టరమ్మ చెప్పలేదు. నా చేతిరాతే చెప్పింది.

నటన కాదు, పిచ్చి కాదు

తర్వాత ఆవిడా, మా అమ్మాయీ కలిసి నాకు చాలా విషయాలు చెప్పారు. నాలాంటివాళ్లు ఇంకా ఎందరో ఉంటారు కాబట్టి, అర్థమైనంత మేరకు మీకూ చెబుతాను. 2020లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 62 కోట్లమంది నడుంనొప్పితో ఉన్నారని అంచనా. అందరిదీ నా కథ కాదు. కొందరిదైనా అయ్యుంటుంది.

దిగులూ భయమూ మెదడులోనే కూర్చోవు. ప్రమాదం వచ్చిందనుకుని ఒళ్లు సిద్ధమైపోతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కండరాలు బిగుసుకుంటాయి. గొంతు దగ్గర కండరాలు బిగిస్తే ఏదో అడ్డం ఉన్నట్టే ఉంటుంది. తెలియకుండానే ఊపిరి ఎక్కువెక్కువగా తీసేస్తాం. దాంతో రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి చేతుల్లో, మూతి చుట్టూ తిమ్మిర్లొస్తాయి. ఆ తిమ్మిరి చూసి ‘మెడలో కూడా డిస్కు జారిందేమో’ అని నేను భయపడ్డాను. ఆ భయంతో ఇంకాస్త వేగంగా ఊపిరి, ఇంకాస్త తిమ్మిరి. గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం!

దారి రెండోవైపు నుంచీ ఉంది. నరం నొప్పి నిద్ర పోనివ్వదు, నలుగురిలోకి వెళ్లనివ్వదు, పని చెడగొడుతుంది. నెలల తరబడి అలా ఉంటే ఎవరికైనా దిగులు పుడుతుంది. దిగులుగా ఉన్నవాళ్లకి అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. నొప్పి తీగలో కరెంటులా తిన్నగా మెదడుకి పోదనీ, వెన్నుపాములో గేటులాంటి ఏర్పాటు ఉందనీ, మెదడు నుంచి వచ్చే సంకేతాలు కూడా ఆ గేటుని తెరుస్తాయనీ మూస్తాయనీ మెల్‌జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే ప్రతిపాదించారు. అప్పటి వివరాల్లో కొన్ని తర్వాత మారాయి గానీ, నొప్పి పెరగడంలో తగ్గడంలో మనసుకీ వాటా ఉందన్న సంగతి నిలబడింది. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనంలోనూ, 2020లో సవరించిన దాంట్లోనూ నొప్పి అంటే శరీరానికి తెలిసేదే కాదు, మనసుకి తెలిసేది కూడా. ఎవరైనా నొప్పి అని చెబితే ఆ మాటని గౌరవించాలని కూడా 2020లో చేర్చారు. 

మరి నా ఎమ్మారై ఫిల్ము? అది అబద్ధం కాదు. కానీ అది అన్నిటికీ సాక్షి కూడా కాదు. 1994లో అమెరికాలో అసలు నడుంనొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగానికి పైగా, అంటే 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్లు 36 శాతమే! ఫిల్ములో కనిపించిన ప్రతిదీ బాధ పెట్టదు, బాధ పెట్టే ప్రతిదీ ఫిల్ములో కనిపించదు. 

నా నడినెత్తి మీద అదిమిన డాక్టరుగారి సంగతి కూడా తెలిసింది. స్కాట్లండ్‌కి చెందిన గార్డన్ వాడెల్ అనే ఎముకల సర్జన్, ఆయన సహచరులు 1980లో ప్రచురించిన పరీక్షల్లో అదొకటి. నెత్తి మీద కాస్త అదిమితే నడుం నరం మీద పెద్దగా భారం పడదు. అయినా నొప్పి అంటే, అలాంటివే ఇంకొన్ని కలిసొస్తే, ఆ మనిషి మనసు సంగతి కూడా చూడాలని దాని ఉద్దేశం. రోగి నటిస్తున్నాడని తేల్చడానికి కాదు. తన పరీక్షని అలా వాడటం తప్పని వాడెలే తర్వాత చెప్పాడు. మా అమ్మాయి ఇది చదివి వినిపించిన రోజు, ఆ చిన్న నవ్వుని క్షమించేశాను. సగం చదువుకున్న నవ్వు అది. 

పేర్లు కూడా మారాయి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ జబ్బుల పట్టికని సవరించినప్పుడు, ఒంటి బాధకి వైద్యపరమైన కారణం దొరకకపోతేనే ఈ కోవలో చేర్చాలన్న పాత నియమాన్ని తీసేసింది. డిస్కు జారినవాళ్లకీ మనసు నలిగి ఉండొచ్చు. మనసు నలిగినవాళ్లకీ డిస్కు జారొచ్చు. ఇదా, అదా అని పందెం వేసుకోనక్కర్లేదు. 

అటువైపు తప్పూ ఉంది

ఇదంతా చదివి, ఇంట్లో ఎవరు నొప్పన్నా ‘అంతా నీ మనసులోనే’ అనేస్తారేమో! దయచేసి అనకండి. 

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఒకామెకి ఎడంకాలు లాగేది. పని తప్పించుకోవడానికి వేషాలేస్తోందని ఇంట్లో తిట్టేవాళ్లు. ‘కాలు ఈడ్చుకుపోతోంది టీచరమ్మా, చెప్పు జారిపోయినా తెలవట్లేదు’ అని ఒకరోజు నాతో అంది. నా గొడవలో నేనుండి ‘నాకూ అంతేలే, తగ్గుతుంది’ అన్నాను. తగ్గలేదు. ఆమెది నా బాధ కాదు, పాదం బలమే పడిపోయింది. ఆస్పత్రికి వెళ్లేసరికి ఆలస్యమైంది. ఆపరేషనయ్యాక కూడా ఆమె పాదం పూర్తిగా పైకి లేవదు. వడ్డించేటప్పుడు కాలు తిప్పుతూ నడిచే ఆమెని చూసినప్పుడల్లా ఆ రోజు నేనన్న మాట గుర్తొస్తుంది. 

అందుకే ఇవి గుర్తు పెట్టుకోండి. కాలి బలం తగ్గుతున్నా, పాదం ఈడ్చుకుపోతున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా మర్నాటికి వాయిదా వేయకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఛాతీలో నొప్పీ ఊపిరాడకపోవడమూ మొదటిసారి వస్తే దిగులని సరిపెట్టుకోకుండా గుండె పరీక్ష చేయించుకోవాల్సిందే. ఒంటిని చూశాకే మనసు. అయితే ఒంటిని చూసి ఊరుకోకూడదు. అంతే తేడా. 

మిర్యాలగూడ దగ్గర

మంత్రమేసినట్టు నాకేం తగ్గిపోలేదు. రాత్రిపూట తక్కువ మోతాదులో ఒక మాత్ర కొన్ని నెలలు వాడాను. దిగులుకి వాడే మందుల్లో కొన్ని, కొన్ని రకాల నరాల నొప్పులకీ ఇస్తారట. ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి, మందుల షాపువాళ్లు కాదు. మెల్లగా ఊపిరి వదలడం నేర్పారు. మా అమ్మాయి దగ్గరుండి నడుము కండరాలకి వ్యాయామాలు చేయించింది. అన్నిటికంటే పెద్ద మందు, వారానికోసారి డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని తమ్ముడి పేరు పైకి అనడం. మొదటి మూడు వారాలూ అనలేకపోయాను. నాలుగోవారం అన్నాను. ఆ రోజు ఏడ్చిన ఏడుపు రెండేళ్ల బాకీ. మావారు బయట బెంచీ మీద కూర్చుని విన్నారట. ఇంటికొచ్చేదాకా ఏం మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర ‘నేను అడగాల్సింది’ అన్నారు. ఆయన నోటి నుంచి ‘మళ్లీ ఏమైంది’ అన్న మాట నేను తర్వాత వినలేదు.

2023 మేలో, తమ్ముడు పోయిన రెండేళ్లకి, మొదటిసారి వాళ్లింటికి బయల్దేరాను. అంతదూరం బస్సులో కూర్చోగలనా అని భయం. పిడుగురాళ్ల దాటేదాకా బాగానే ఉంది. మిర్యాలగూడ వచ్చేసరికి కుడికాల్లో తీగ లాగడం మొదలైంది. బస్సాగితే దిగి నాలుగడుగులు వేశాను, కాస్త సర్దుకుంది. అది డిస్కు నొప్పి. తర్వాత హైదరాబాదులో వాళ్ల హాల్లో, దండ వేసిన ఫొటో చూడగానే గొంతు పూడుకుపోయింది. అది వేరే. రెండూ నావే. కానీ ఏది ఏదో ఆ రోజు నాకు తెలుసు. తెలియడంలోనే సగం ఊరట ఉంది.

మీ ఇంట్లోనూ ఇలా ఫైలు లావెక్కుతున్న మనిషి ఉంటే, ఎమ్మారై చూడండి, మందులిప్పించండి. దాంతోపాటు ‘ఈమధ్య నీకేం కష్టమొచ్చింది?’ అని కూడా అడగండి. జవాబు వెంటనే రాదు. కాఫీ చల్లారేదాకా కూర్చోండి. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లకి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416 నంబరుకి ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు అప్పటికే ఉండి ఉంటే ఆ చీటీ పట్టుచీరల కింద అన్నాళ్లు ఉండేది కాదేమో!

నా డిస్కు ఇప్పటికీ అక్కడే ఉంది. చలికాలం పొద్దుటిపూట, పేపర్లు దిద్దుతూ ఎక్కువసేపు కూర్చున్నప్పుడు పలకరిస్తుంది. లేచి నాలుగడుగులు వేస్తాను. ఇప్పుడు దాని నేరం దానికే, మిగతా నేరాలు దాని మీద వేయడం మానేశాను. 

ఆదివారం పది గంటలకి ఫోన్ నేనే చేస్తున్నాను, మా మరదలికి. వాడి కొడుకు ఆరో తరగతికి వచ్చాడు. ‘అత్తా, జాతీయాలు సొంతవాక్యాల్లో రాయమన్నారు, చెప్పవా’ అంటాడు. చెబుతాను. మధ్యలో ఒక్కోసారి గొంతు పట్టేస్తుంది. ‘ఏమైందత్తా?’ అంటాడు. 

‘మీ నాన్న గుర్తొచ్చాడురా’ అంటాను. అంతకుముందైతే నడుం నొప్పి అనేదాన్ని.